క్లారినెట్ ఇంటి మాండలిన్

1983. పశ్చిమ బెర్లిన్. నగరం చుట్టూ గోడ. గోడ అవతల కాపలా తుపాకులు, గోడ లోపల జాజ్ ఉత్సవం. ట్రంపెట్లు, ట్రాంబోన్లు, సాక్సోఫోన్లు మోసుకుని తలపండిన వాళ్లు వేదిక ఎక్కి దిగే ఆ ఉత్సవంలో, ఆ యేడు కచేరీ చేయడానికి ఒక పద్నాలుగేండ్ల పిల్లవాడు వచ్చాడు. కింద కూర్చుని, కాళ్లు మడిచి, ఒళ్లో బొమ్మలాంటి చిన్న వాద్యం పెట్టుకున్నాడు. అతనికి ఇచ్చిన సమయం ఒక గంట.

ఆ ఊళ్లో ఆ పిల్లవాడి పేరు తెలిసినవాళ్లు ఎందరుంటారు? ఒళ్లో ఉన్న వాద్యం మాత్రం అందరికీ తెలుసు. అది ఐరోపాలో పుట్టిన మాండలిన్. ఇటలీ వీధిపాటల్లో, ప్రేమగీతాల్లో టింగుటింగుమనే తేలికపాటి వాద్యమని అక్కడ దానికి పేరు. దాని మీద తెలుగు కీర్తనలు పలుకుతాయని ఎవరూ అనుకుని ఉండరు. గంట గడిచింది. శ్రోతలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, వేదిక దిగనివ్వలేదు. ఆ పిల్లవాడు ఇంకో గంట వాయించాల్సి వచ్చింది.

అతని పేరు ఉప్పలపు శ్రీనివాస్. ఊరు పాలకొల్లు. అప్పటికే మద్రాసులో అతన్ని ‘మాండలిన్’ శ్రీనివాస్ అంటున్నారు.

ఈ కథను చాలామంది ‘బాలమేధావి’ అనే ఒక్క మాటతో ముగించేస్తారు. నాకు ఆ మాట మీద పెద్ద గురి లేదు. మేధావి అన్నాక ఇక ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు, అంతా పైవాడు చూసుకున్నట్టే లెక్క. కానీ ఈ పిల్లవాడి వెనక ఒక ఇల్లుంది, ఇంట్లో ఒక క్లారినెట్ ఉంది, మాండలిన్ పట్టుకోవడం చేతకాని ఒక గురువు ఉన్నాడు. కథంతా అక్కడే ఉంది.

1969 ఫిబ్రవరి 28న శ్రీనివాస్ పుట్టాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాద్యకారుడు. శాస్త్రీయ సంగీతం నేర్చుకున్న మనిషి. మాండలిన్ కూడా ఇంట్లో ఉండేది. వాద్యకారుల ఇండ్లలో వాద్యాలు పిల్లలకు అందకుండా పైన పెడతారు. తీగ తెగితే డబ్బు, రీడు పగిలితే డబ్బు. అయినా ఐదారేండ్ల కొడుకు తండ్రి మాండలిన్ మీద చెయ్యి వేశాడు. తండ్రి కసిరి లాక్కుని ఉంటే మనం ఇప్పుడు ఇంకేదో చదువుకుంటూ ఉండేవాళ్లం. సత్యనారాయణ లాక్కోలేదు. పిల్లవాడికి ఇంకో మాండలిన్ కొనిచ్చి తనే మొదటి పాఠం చెప్పాడు. వాసూరావు అనే గిటారిస్టు పాశ్చాత్య సంగీతం పరిచయం చేశాడు.

తర్వాత వచ్చినవారు రుద్రరాజు సుబ్బరాజు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, సత్యనారాయణకు కూడా గురువు. ఆయనకు మాండలిన్ రాదు. రాదు కాబట్టి వేళ్లు ఎక్కడ పెట్టాలో చెప్పలేదు, పాడారు. ఆయన గొంతులో ఏది పలికితే దాన్ని పిల్లవాడు తీగ మీద వెతుక్కోవాలి. మాండలిన్ వచ్చిన గురువు దొరికి ఉంటే ఆయన వేళ్ల అలవాట్లే శిష్యుడికి అబ్బేవి. గొంతు మాత్రమే తెలిసిన గురువు దొరకడంతో గొంతు చేయగలిగిందంతా తీగ చేసి తీరాలనే పట్టుదల ఆ పిల్లవాడికి పుట్టింది. కర్ణాటక సంగీతంలో మాండలిన్‌కు అప్పటిదాకా దారి లేదు. ఆ ఇంట్లో ఒక పెద్దాయన పాడుతుంటే ఒక పిల్లవాడు వెతుకుతుంటే ఆ దారి పడింది.

అదెంత కష్టమో కొంచెం చెప్పాలి. మామూలు మాండలిన్‌కు ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. మీటగానే గణగణమంటుంది, వెంటనే నాదం చచ్చిపోతుంది. మన సంగీతానికి గమకం ప్రాణం. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి గెంతకూడదు, జారాలి, ఊగాలి, మధ్యలో నాదం తెగకూడదు. జంట తీగలను ఒకే వేలితో లాగి ఊపితే రెండూ ఒకేలా సాగవు, అపశ్రుతి పలుకుతుంది. అందుకే శ్రీనివాస్ చేతికి వచ్చిన మాండలిన్ ఎలక్ట్రిక్‌ది. జతలు తీసేసి ఒంటి తీగలు పెట్టాడు, ఐదో తీగ చేర్చాడు. విద్యుత్తు వల్ల నాదం నిలిచింది, ఒంటి తీగ వల్ల గమకం లొంగింది. సంప్రదాయవాదులకు ఇదేం నచ్చుతుంది? కరెంటు తీగ పెట్టుకుని త్యాగయ్యను వాయించడమేమిటని ముఖం చిట్లించినవాళ్లు ఉన్నారు.

కానీ ఆ ముఖం చిట్లించడానికి మనకు హక్కు లేదు. కర్ణాటక కచేరీలో పక్కన కూర్చునే వయొలిన్ ఎక్కడిది? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఐరోపా సంగీతకారుల దగ్గర నేర్చుకుని తెచ్చాడు. ముత్తుస్వామి దీక్షితులు తక్కువ తిన్నారా? తెల్లవాళ్ల బ్యాండు వాయించే వరుసలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కట్టి ‘నొట్టుస్వరాలు’ చేశారు. విజయనగరంలో ద్వారం వెంకటస్వామినాయుడు చేతిలో ఆ పరదేశి వయొలిన్ ఎంతగా మనదైపోయిందంటే, దాన్ని విదేశీ వాద్యమని ఈరోజు ఎవరైనా అంటే కొట్టడానికి వస్తారు.

సాక్సోఫోన్ కథా అంతే. బెల్జియం వాడైన అడాల్ఫ్ సాక్స్ 1846లో పేటెంటు తీసుకున్న వాద్యమది. సైనిక బ్యాండ్లతో ప్రపంచమంతా తిరిగింది. మన పక్క రాష్ట్రంలో, మంగుళూరు వైపు, నాదస్వర విద్వాంసుడి కొడుకైన కద్రి గోపాలనాథ్ మైసూరు ప్యాలెస్ బ్యాండులో దాన్ని విని ఇక విడిచిపెట్టలేదు. మీటల దగ్గర మార్పులు చేసుకుని గమకం పలికించాడు. 1980లో బొంబాయి జాజ్ యాత్రలో అమెరికన్ సాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ హ్యాండీ పక్కన వాయించాడు. 1994లో లండన్ బీబీసీ ప్రామ్స్‌లో వాయించిన తొలి కర్ణాటక సంగీత విద్వాంసుడు ఆయనే. ఆయన్నీ బ్యాండు వాద్యమే ఈ దారిలోకి తెచ్చింది. శ్రీనివాస్ పుట్టిందీ క్లారినెట్ ఇంట్లోనే.

1978లో కృష్ణా జిల్లా గుడివాడలో త్యాగరాజ ఆరాధన జరుగుతోంది. తొమ్మిదేండ్ల శ్రీనివాస్ అక్కడ మొదటిసారి పదిమంది ముందు కర్ణాటక కచేరీ చేశాడు. ఆరాధన అంటే పెద్దవాళ్లు, చిన్నవాళ్లు, పేరున్నవాళ్లు, లేనివాళ్లు ఒకే వేదిక ఎక్కే రోజు. టికెట్టు కచేరీలో తొమ్మిదేండ్లవాడికి, అందులోనూ మాండలిన్‌కు చోటు దొరకదు. త్యాగయ్య పేరున జరిగే ఉత్సవంలో దొరికింది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

కుటుంబం మద్రాసుకు తరలింది. 1981 డిసెంబరు సంగీతోత్సవాల్లో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీలో కచేరీ. సభలో ముందు వరుసల్లో కూర్చునే మద్రాసు రసికులు ఒక పట్టాన మెచ్చరు. వాళ్లే తల ఊపారు. అక్కడి నుంచి రెండేండ్లు తిరిగేసరికి బెర్లిన్.

బెర్లిన్ శ్రోతలు ఎవరు? ఇది తెలియకపోతే ఆ రాత్రి లేచి నిలబడటం ఎంత పెద్ద విషయమో అర్థం కాదు.

జర్మన్లకు జాజ్ ఊరికే దొరకలేదు. హిట్లర్ కాలంలో అది నీగ్రోల సంగీతమని, యూదుల సంగీతమని తిట్టి అణచారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎమిల్ మాంగెల్స్‌డోర్ఫ్ అనే కుర్రవాడు దొంగచాటుగా జాజ్ వాయించే స్నేహితులతో తిరిగినందుకు 1943లో గెస్టపో పట్టుకుపోయింది. తర్వాత తూర్పు సరిహద్దు యుద్ధానికి పంపారు. రష్యన్లకు చిక్కి ఖైదులో నాలుగేండ్లు గడిపాడు. 1949లో ఇల్లు చేరి ఆల్టో సాక్సోఫోన్ అందుకున్నాడు. తొంభై ఆరేండ్లు బతికి 2022లో కన్నుమూశాడు.

ఇంకో వైపు చూడండి. జాజ్‌ను నిషేధించిన ఆ ప్రభుత్వమే లుట్స్ టెంప్లిన్ అనే సాక్సోఫోన్ వాద్యకారుడి చేత ఒక స్వింగ్ ఆర్కెస్ట్రా నడిపించింది. ‘చార్లీ అండ్ హిజ్ ఆర్కెస్ట్రా’ అని పేరు. అమెరికన్ పాటల చరణాలు మార్చి, చర్చిల్‌ను వెక్కిరిస్తూ ఇంగ్లండ్ వైపు రేడియోలో వదిలేవారు. ఇంట్లో వింటే నేరం, శత్రువుకు వినిపిస్తే దేశసేవ! ఒకే సంగీతం ఒకడిని జైలుకు పంపింది, ఇంకొకడిని కాపాడింది.

యుద్ధం ముగిశాక పశ్చిమ జర్మనీ ఒక తెలివైన పని చేసింది. కొలోన్, హాంబుర్గ్, ఫ్రాంక్‌ఫర్ట్ రేడియో కేంద్రాలు జాజ్ వాద్యకారులను నెలజీతానికి పెట్టుకున్నాయి. మన ఆకాశవాణిలో నిలయ విద్వాంసులు ఉండేవారు కదా, అట్లా. కుర్ట్ ఎడెల్‌హాగెన్ 1957లో కొలోన్ రేడియోలో పెద్ద ఆర్కెస్ట్రా కట్టాడు. గెర్డ్ డుడెక్ లాంటి సాక్సోఫోన్ వాద్యకారులు అందులో కూర్చునే రాటుదేలారు. 1972లో మ్యూనిక్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో దేశదేశాల జట్లు మైదానంలోకి వస్తుంటే సంగీతం వాయించింది ఈ ఎడెల్‌హాగెన్ బృందమే. మ్యూనిక్‌కు చెందిన మాక్స్ గ్రేగర్ టెనర్ సాక్సోఫోన్ పట్టుకుని 1959లో తన బృందాన్ని సోవియట్ యూనియన్ అంతా తిప్పాడు. 1963 నుంచి జర్మన్ టెలివిజన్‌లో అతని బిగ్ బ్యాండే మోగింది. ఒక సాక్సోఫోన్ వాద్యకారుడు జీతం తీసుకుని, ఇల్లు కట్టుకుని, పెన్షన్‌తో ముసలివాడు కాగలిగిన దేశమది.

బెర్లిన్ ఉత్సవాన్ని 1964లో మొదలుపెట్టినవాడు జోకిమ్ ఎర్న్‌స్ట్ బెరెంట్. ఆ తొలి ఉత్సవపు పుస్తకానికి ముందుమాట రాసింది మార్టిన్ లూథర్ కింగ్. అదే యేడు ఎమిల్ తమ్ముడు, ట్రాంబోన్ వాద్యకారుడు ఆల్బర్ట్ మాంగెల్స్‌డోర్ఫ్ తన ఐదుగురి బృందంతో ఆసియా పర్యటనకు వచ్చాడు. హైంజ్ సావర్ టెనర్ సాక్సోఫోన్, గుంటర్ క్రోన్‌బెర్గ్ ఆల్టో. వెళ్లాక వాళ్లు చేసిన రికార్డులో రవిశంకర్ బాణీ ఒకటి ఉంది. 1983 నాటికి ఉత్సవం బాధ్యత స్విట్జర్లాండ్ పియానో వాద్యకారుడు జార్జ్ గ్రుంట్స్‌ది. ఆయన కూడా ఒక బిగ్ బ్యాండు నాయకుడే.

అంటే శ్రీనివాస్ ముందు కూర్చున్నవాళ్లు విని విని చెవులు పదును పెట్టుకున్నవాళ్లు. సంగీతం కోసం ఒక తరం దెబ్బలు తిన్న సంగతి తెలిసినవాళ్లు. బాలుడని జాలిపడి గంటసేపు అదనంగా కూర్చునేవాళ్లు కారు.

ఆ రాత్రిని ఇప్పుడు మనసులో కట్టుకోవచ్చు. తంబురా శ్రుతి మొదలవుతుంది. జాజ్‌లో శ్రుతి నేపథ్యంలో ఆగకుండా మోగదు, కలిసి పలికే స్వరాల వరుసలు మారుతుంటాయి. ఇక్కడ ఒకే షడ్జం, కదలదు. దాని మీద ఆలాపన. తాళం లేదు, లెక్క లేదు. పిల్లవాడు ఒక్కో స్వరం తలుపు తడుతూ పోతాడు. సాక్సోఫోన్ వాద్యకారుడికి ఇక్కడ ఒక సంగతి వెంటనే తెలిసిపోతుంది. ఇది కాగితం చూసి వాయిస్తున్నది కాదు, అప్పటికప్పుడు పుడుతున్నది. అతను జీవితమంతా చేసిన పనీ అదే. ఇక కల్పనస్వరాలు మొదలయ్యాక, ఎటు తిరిగినా చివరికి పల్లవి ఎత్తుగడ దగ్గర ఖచ్చితంగా వచ్చి వాలడం, ఆ ముడి పడిన చోట మృదంగం గుమ్మనడం చూస్తే చాలు, అర్థం కాకపోయినా ఒంటికి తెలుస్తుంది. తీగ మీద ఆ వేగంలో గమకం తెగకపోవడం ఇంకొక వింత. తమ ఖండంలో పుట్టిన వాద్యంలో ఇంత ఉందా అని వాళ్లు ఆ రాత్రే మొదటిసారి విన్నారు.

మిగతా చరిత్ర లోకానికి తెలుసు. మైకేల్ బ్రూక్‌తో ‘డ్రీమ్’, జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుసేన్‌లతో ‘రిమెంబర్ శక్తి’, 1992 బార్సిలోనా ఒలింపిక్ కళోత్సవం, 1998లో పద్మశ్రీ, 2009కి సంగీత నాటక అకాడమీ అవార్డు. తమ్ముడు రాజేశ్‌ను కూడా మాండలిన్ విద్వాంసుడిని చేశాడు. 2014 సెప్టెంబరు 19న, కాలేయ మార్పిడి చికిత్స తర్వాత చెన్నైలో కన్నుమూశాడు. నలభై ఐదేండ్లు. ఆ వయసులో చాలామంది విద్వాంసులకు పేరు అప్పుడప్పుడే మొదలవుతుంది.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. జగిత్యాలలోనో, కోరుట్లలోనో, సిరిసిల్లలోనో పెండ్లి బరాత్ పోతుంటే ఆగి చూడండి. డీజే కాదు, బ్యాండు. ముందు క్లారినెట్ మాస్టర్, వెనక సాక్సోఫోన్, ట్రంపెట్లు, సైడు డ్రమ్ములు, కడుపు మీద కట్టుకున్న పెద్ద డ్రమ్ము. వెలిసిన ఎర్రకోటు, భుజాల మీద జరీ కుచ్చులు. బెర్లిన్ వేదిక మీద ఉన్న వాద్యాల్లో సగం ఇక్కడ రోడ్డు మీద ఉన్నాయి. పెండ్లివారి పిల్లలు అరుస్తారు: “మాస్టర్, తీన్మార్ గొట్టుర్రి!” మాస్టర్ కొడతాడు. ఎదురుగా ఉన్న పిల్లవాడు ఏ పాట పేరు చెబితే ఆ పాట కాగితం లేకుండా, అట్లా నడుస్తూనే వాయించాలి. కొత్త సినిమా పాటను చెవితో పట్టి, శ్రుతి చూసుకుని, బృందానికి అప్పజెప్పేది ఆయనే. ఆ పని కొలోన్ రేడియోలో చేస్తే అరేంజర్ అంటారు, నెలకు జీతమిస్తారు. ఇక్కడ బ్యాండోడు అంటారు. పనంతా ముహూర్తాల మీద. ఆషాఢం వస్తే లేదు, మూఢం వస్తే లేదు, డీజే మాట్లాడుకుంటే అసలే లేదు. భోజనాల దగ్గర కూడా చివరి బంతి వాళ్లదే.

సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) నడిపే ఇంట్లో పిల్లలకు లయ ఎవరూ నేర్పక్కర్లేదు, పగలూ రాత్రీ చెవిలో పడుతూనే ఉంటుంది. ఈ నేల మీద ఒగ్గు కథకుడు జగ్గు మీద వేసే దెబ్బలో ఉన్న లెక్క తక్కువదేం కాదు. హనుమాజీపేట ఒగ్గు కథకుడు మిద్దె రాములు గొంతుకు ఊళ్లకు ఊళ్లు కదిలిపోయేవి. సంగీతం లేక కాదు. ఆ బ్యాండు మాస్టర్ క్లారినెట్ ఇంట్లోకి రుద్రరాజు సుబ్బరాజు లాంటి మనిషి నడిచి రావడం లేదు, అంతే. వాద్యం రాకపోయినా కూర్చుని పాడి వినిపించే గురువు కావాలి. లాక్కోకుండా కొనిచ్చే తండ్రి కావాలి. తొమ్మిదేండ్లవాడిని కూర్చోబెట్టే వేదిక కావాలి. పాలకొల్లులో, గుడివాడలో ఈ మూడూ ఒకే పిల్లవాడికి కలిసొచ్చాయి.

వీటిలో మూడోది మనకు ఇప్పటికే ఉంది. వేములవాడ రాజన్న సన్నిధిలో ఏటా త్యాగరాజ ఆరాధనోత్సవాలు జరుగుతాయి. సిరిసిల్లకు దగ్గరే. జగిత్యాల, కోరుట్ల నుంచి పొద్దున బస్సెక్కితే చీకటి పడేలోపు ఇల్లు చేరవచ్చు. మీ వాడకట్టులో బ్యాండు కుటుంబం ఉంటే, ఆ ఇంటి పిల్లను గానీ పిల్లగాన్ని గానీ ఈసారి అక్కడికి తీసుకపోండి. మాస్టర్‌ను కూడా రమ్మనండి. మీ ఇంట్లో పెండ్లి ఉంటే డీజేకు ఇచ్చే డబ్బులో సగం బ్యాండుకు పెట్టండి, బరాత్ మొదలయ్యే ముందు తీన్మార్ కాకుండా ఒక కీర్తన అడగండి. వాయిస్తే విని, ఆయన పేరేమిటో కనుక్కోండి.